పెద్దమ్మ బొమ్మ చూడబోయిన రోజు

పింఛను తీసుకునే వాళ్ళమంతా ఏడాదికొకసారి బతికే ఉన్నామని సర్కారుకు రుజువు చూపించుకోవాలి. మునుపైతే ట్రెజరీ ఆఫీసుకు పోయి, వరుసలో నిలబడి, సంతకం పెట్టి వచ్చేవాళ్ళం. ఇప్పుడు ఇంట్లోనే కూర్చుని ఫోనుకు ముఖం చూపిస్తే చాలంటున్నారు. పోయిన నెల ఒక మధ్యాహ్నం మా ఆయన ఫోను పట్టుకుని నా ముందు నిలబడ్డాడు. కళ్ళద్దాలు తీయమన్నాడు, తీశాను. కిటికీ వైపు తిరగమన్నాడు, తిరిగాను. రెప్పలు ఆర్పమంటే ఆర్పాను. ఫోను చాలాసేపు ఆలోచించి, ఈ ముఖం నాది కాదని తేల్చింది. నాలుగుసార్లు అదే మాట. "ఇన్నేండ్లుగా చూస్తాండేది నేను గదా, ఈమే అని నేను చెప్తే సరిపోదా దీనికి" అని ఆయన విసుక్కున్నాడు. ఐదోసారి దానికి ఎందుకో దయ కలిగి ఒప్పుకుంది. ఆయన పోయి పడుకున్నాడు. నేను ఆ కుర్చీలోనే ఉండిపోయాను. మా పెద్దమ్మ గుర్తొచ్చింది. ఆమెను అనంతపురంలో బొమ్మల ప్రదర్శనకు తీసుకుపోయిన రోజు గుర్తొచ్చింది. ఎప్పుడు తలుచుకున్నా ఒళ్ళు అలిసిపోయే రోజు అది. ఈ వయసులో కొత్త అలసటలకే చోటు లేదు, పాతవాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. నాకు ఆరేళ్ళప్పుడు అమ్మ పోతే, నన్ను శింగనమల దగ్గర తమ ఊరికి తెచ్చుకుని పెంచింది ఆమే. పెద్దమ్మకు పిల్లలు లేరు. పొడుగు మనిషి, చామనఛాయ, నిటారుగా నడుస్తుంది. గదమ మీద, కింది పెదవికి దిగువన, మిరియపు గింజంత పుట్టుమచ్చ. ఆమె పక్కన పెద్దనాయన పొట్టిగా, బక్కగా ఉండేవాడు, ఆ లోటును మాటలతో పూడ్చుకునేవాడు. పెద్దమ్మకు ఒక పట్టింపు ఉండేది. చేను నుంచి ఎంత పొద్దుపోయి వచ్చినా సరే, దీపం పెట్టేలోగా ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, మైనం అద్ది గుండ్రంగా బొట్టు పెట్టుకోవాల్సిందే. చిన్నప్పుడు నేను ఎదురు తిరిగితే, "పొద్దు గూకేటప్పుడు ఆడమనిషి జిడ్డు మొగంతో ఉంటే కరువు నేరుగా ఇంట్లేకి వస్తాది పాపా" అనేది. మాకు కరువు రావడానికి మా జిడ్డు ముఖాలు కారణం కాదని భూగోళం పాఠం చదివాక నాకు తెలిసింది. ఆమెకూ తెలిసే ఉంటుంది. అయినా కడుక్కోవడం మానలేదు. నీళ్ళు ట్యాంకరుతో వచ్చిన ఏళ్ళలో కూడా చెంబెడు నీళ్ళు దానికని పక్కన పెట్టేది.

ఆమెకు ఒకే ఒక పట్టుచీర. చెనక్కాయ బాగా పండిన ఒక సంవత్సరం పెద్దనాయన ధర్మవరం తీసుకుపోయి కొనిపెట్టాడు. పసుపు ముద్దలాంటి రంగు, చిలకాకుపచ్చ అంచు. ఇనుప పెట్టెలో వేపాకుల మధ్య ఉండేది. నా పెళ్ళిలో కట్టుకుంది, ఇంకో రెండు మూడు పెళ్ళిళ్ళలో కట్టుకుంది. పండినది ఆ ఒక్క సంవత్సరమేనని ఇంట్లో ఎవరూ మాట్లాడుకునేవారు కాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో అనుకుంటాను, వరుసగా వానలు లేవు. ఒక ఏడు విత్తనం వేశాక రాలేదు, మరుసటి ఏడు విత్తనం వేయడానికే రాలేదు. చెరువు నేల బీటలు పోయి, దాంట్లో పిల్లలు మూడు పుల్లలు పాతి క్రికెట్టు ఆడేవాళ్ళు. పెద్దనాయన ఎద్దులను సంతకు తోలి, ఉత్త పలుపులు భుజాన వేసుకుని ఇంటికి వచ్చాడు. నేను అప్పటికి అనంతపురంలో ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు చెబుతున్నాను. మా బడిలో ఒక డ్రాయింగు సారు ఉండేవాడు. మెత్తటి మనిషి. పదిహేనేళ్ళుగా ఆయన చేత వార్షికోత్సవం బోర్డులు, గోడల మీద నినాదాలు, పరీక్షల సమయంలో బెంచీల మీద నంబర్లు రాయించుకున్నారే గాని, ఆయన బొమ్మలు వేస్తాడన్న సంగతి అందరూ మరిచిపోయారు. ఆయన కూడా కొంత మరిచిపోయాడేమో. అలాంటిది ఒకరోజు స్టాఫ్ రూములో నా దగ్గరికొచ్చి, జిల్లాలో బొమ్మలేసేవాళ్ళందరితో ప్రదర్శన పెడుతున్నారనీ, తననూ ఒకటి వేయమన్నారనీ చెప్పాడు. "పల్లెటూరి మనిషి ముఖం ఒకటి కావాల మేడమ్. ఫోటో చూసి కాదు, ఎదురుగా కూర్చోబెట్టి వేయాలని ఉంది" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్ళు కుర్రవాడి కళ్ళలా ఉన్నాయి. ఎవరైనా ఉన్నారా అని ఆయన అడగనే లేదు. మా పెద్దమ్మ ఉందని నేనే చెప్పాను. ఆమె ముఖం బొమ్మకు తగినదని నా గొప్ప.

మొదట పెద్దమ్మ ఒప్పుకోలేదు. "నా మొగం గీసుకోని ఏం జేసుకుంటాడంట" అంది. పెద్దనాయన మాత్రం సంబరపడ్డాడు. "నన్ను గీయి సారూ, నాకు సింగారం పని కూడా లే" అని తన తుండుగుడ్డ సరిచేసుకున్నాడు. ఆయన అలా ముందుకొచ్చేసరికి పెద్దమ్మకు పట్టుదల వచ్చి, లోపలికి పోయింది. అరగంట తరువాత పట్టుచీర కట్టుకుని, ముక్కుకు బేసరి పెట్టుకుని, మెడలో పుస్తెలతాడు పైకి కనిపించేలా సర్దుకుని వచ్చి ఇంటి ముందర అరుగు మీద కూర్చుంది. ఎండలో ఆ పసుపు చూసి సారు కాసేపు పెన్సిలు పట్టుకోవడమే మరిచిపోయాడు. అలా మూడు ఆదివారాలు జరిగింది. నేనూ సారూ పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వచ్చేవాళ్ళం. బియ్యం డబ్బాలో గరిటె అడుగుకు తగులుతున్న రోజుల్లో కూడా ఆమె ఆయనకు మొదటి ఆదివారం ఉగ్గాని, రెండో ఆదివారం సంగటి, చెనక్కాయల ఊరిమిండి, మూడో ఆదివారం బెల్లం పూర్ణంతో ఓళిగలు పెట్టింది. మెడ నొప్పి పుడుతోందని ఒక్కసారి కూడా అనలేదు. ఆఖరున సారు పెన్సిలుతో గీసిన ముఖమూ, చీరకు రంగు వేసి చూసుకున్న కాగితమూ చూపించాడు. పెద్దమ్మ వాటిని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. "ముక్కు రవంత పొడుగు పెట్నావు. పోనీలే, నాదే" అంది. పెద్ద బొమ్మ ఇంటి దగ్గర గుడ్డ మీద తైలరంగులతో వేస్తానని సారు చెప్పి సెలవు తీసుకున్నాడు.

తరువాత నాలుగు నెలలు ఊళ్ళో ఆ బొమ్మ గురించి తప్ప వేరే మాట లేదని పెద్దనాయన చెప్పాడు. ఆయన కొంచెం ఎక్కువ చేసి చెప్పే మనిషి గాని, ఇందులో నిజం ఉంది. మాట్లాడుకోవడానికి ఊరికి వేరే మంచి మాట లేదు మరి. మేత కోసం పోయేవాళ్ళు, ట్యాంకరు దగ్గర బిందెలు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళు, మండలాఫీసు నుంచి వచ్చిన ఉద్యోగి కూడా, "బొమ్మ యాడిదాకా వచ్చింది" అని ఆమెను అడిగేవాళ్ళు. ప్రదర్శన మొదలయ్యే రోజు తెలిశాక నేను శనివారం ఊరికి పోయి, ఆదివారం పొద్దున్నే ఇద్దరినీ బయలుదేరదీశాను. పెద్దమ్మ మళ్ళీ అదే పట్టుచీర కట్టుకుంది. మార్చి నెల, ఎండలు ముదిరాయి, బస్సులో నలుగుతుంది, వేరేది కట్టుకోమన్నాను. ఆమె నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. "బొమ్మ సూసినోళ్ళు నన్ను సూస్తే గుర్తు పట్టల్ల గదా పాపా" అంది. ఒళ్ళో ఒక స్టీలు డబ్బా పెట్టుకుంది. అందులో సారుకని చేసిన ఓళిగలు ఉన్నాయి.

ఆహ్వానంలో పది గంటలకని ఉంది. మేము పదికి పది నిమిషాల ముందే చేరుకున్నాం. హాలు తలుపులకు ఎర్ర రిబ్బను కట్టి ఉంది. ప్రారంభించవలసిన అధికారి రాలేదు. బయట షామియానా కింద కుర్చీలు వేశారు. పదకొండయింది, పదకొండున్నరయింది. మైకులో ఒకాయన 'హలో, హలో' అంటూనే ఉన్నాడు. షామియానా గుడ్డలో నుంచి ఎండ దిగి, పెద్దమ్మ ముక్కు మీద చెమట చుక్కలు పోశాయి. కొంగుతో తుడుచుకోదు, పట్టు పాడవుతుందని. నా రుమాలు తీసుకుని అద్దుకుంటుంది. పెద్దనాయన పక్కన కూర్చున్నాయనకు తన భార్య బొమ్మ లోపల ఉందని చెప్పాడు. ఆయన వినిపించుకోలేదనుకుని ఇంకొకాయనకు చెప్పాడు. పన్నెండు దాటాక అధికారి కారు వచ్చింది. అప్పుడు ఉపన్యాసాలు. ఉపన్యాసాలన్నీ కరువు మీదే. మా జిల్లా కరువు గురించి, ఆ కరువును కళాకారుడు ఎలా చూడాలన్న దాని గురించి, చెప్పిందే చెప్పారు. పెద్దమ్మ చాలాసేపు విని, నా చెవిలో, "మన కత మనకే చెప్తాండారే" అంది. నాకు నవ్వొచ్చింది. ఆ రోజు నాకు నవ్వొచ్చింది అదొక్కసారే.

రిబ్బను కత్తిరించాక అందరం లోపలికి పోయాం. రెండు ఫ్యాన్లలో ఒకటే తిరుగుతోంది. గోడల నిండా బొమ్మలు. నేను బొమ్మలు తెలిసినదాన్ని కాదు. అయినా నాలుగు చూసేసరికి ఒక మాదిరి నీరసం వచ్చింది. బీటలు వారిన నేల. దాని పక్కన బీటలు వారిన నేల. ఎముకల ఆవు. ఆకు లేని చెట్టు, దాని మీద గద్ద. ఖాళీ కుండ బోర్లా ఒకటి, వెల్లకిలా ఒకటి. పెద్దనాయన ఆవు దగ్గర ఆగి, "దీనికి మూడు పక్కటెముకలు ఎక్కువ పెట్నాడు" అని లెక్కపెట్టి చెప్పాడు. పెద్దమ్మ దేని దగ్గరా ఆగలేదు. పసుపు రంగు కోసం వెతుకుతూ నడుస్తోంది. హాలు ఒక చుట్టు తిరిగాం. పసుపు ఎక్కడా లేదు. "ఇంగా పెట్టలేదేమో" అంది. రెండో చుట్టు మొదలుపెట్టాం. అప్పుడు మూల గోడ మీద నిలువెత్తు బొమ్మ ముందు నా కాళ్ళు ఆగిపోయాయి.

ఒక ముసలామె నేల మీద కూర్చుని ఉంది. ఒంటి మీద మట్టిరంగు చిరుగుల చీర, రవిక లేదు. జుట్టు విరబోసుకుని ఉంది. పక్కన సొట్టపోయిన బిందె. చేయి నుదుటికి అడ్డం పెట్టుకుని ఆకాశం వైపు చూస్తోంది. ముక్కుకు బేసరి లేదు, చెవులు బోసి, మెడ బోసి. కింద అట్టముక్క మీద 'కరువు తల్లి' అని రాసి ఉంది. గదమ మీద మిరియపు గింజంత పుట్టుమచ్చ మాత్రం ఎక్కడిదక్కడ ఉంది. ముక్కు రవంత పొడుగు కూడా అలాగే ఉంది. పెద్దమ్మకు చత్వారం గదా, గుర్తు పట్టదులే అన్న ఆశతో నేను ఆమె చేయి పట్టుకుని ముందుకు లాగాను. ఆమె కదల్లేదు. దూరంగా జరిగి చూసింది. దగ్గరికి పోయి చూసింది. చాలాసేపటికి పెద్దనాయన, "ఇది నువ్వే" అన్నాడు చిన్నగా. ఆయన గొంతు అంత చిన్నగా ఉండడం నేనెప్పుడూ వినలేదు. బొమ్మలో భుజం మీద, మట్టిరంగు సరిగా పూయని చోట, వెంట్రుకంత సన్నగా ఆకుపచ్చ గీత ఒకటి పైకి కనిపిస్తోంది. ఆమె దాని వైపు వేలు చాచి, "నా చీర అంచు" అంది.

"ముట్టుకోవద్దమ్మా" అని వెనక నుంచి ఎవరో అన్నారు. మెడలో బ్యాడ్జీ వేసుకున్న నిర్వాహకుడు. ఆయన వెనక అధికారి, ఫోటోలు తీసేవాళ్ళు, మా హెడ్‌మిస్ట్రెస్, మా బడి టీచర్లు ముగ్గురు నలుగురు. అందరి వెనక డ్రాయింగు సారు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని. "కొంచెం పక్కకు జరగండమ్మా, సార్ చూడాల" అన్నాడు బ్యాడ్జీ ఆయన. పెద్దమ్మ జరిగింది. డబ్బా చంకన పెట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది. అధికారి బొమ్మను చూసి తల ఊపాడు. ఎంత సహజంగా ఉందో అన్నాడు. ఆ కళ్ళలోని దైన్యం చూడండి అని పక్కవాళ్ళకు చూపించాడు. తరువాత సారు వైపు తిరిగి, "ఎవరీమె? ఏ ఊరు?" అని అడిగాడు. బొమ్మలో మనిషికీ పెద్దమ్మకూ మధ్య రెండు బారల దూరం ఉంది. సారు తల ఎత్తాడు. ఆయన కళ్ళు పెద్దమ్మ మీద పడ్డాయి, నా మీద పడ్డాయి, నేల మీద పడ్డాయి. "ప్రత్యేకంగా ఎవరూ కాదు సార్. పల్లెల్లో చూసినోళ్ళను కలిపి వేసినాను" అన్నాడు.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. ఈమే సార్, ఈమె మా పెద్దమ్మ, అని నేను అనవచ్చు. రెండు ముక్కలు. నోటి దాకా వచ్చాయి. కాని హెడ్‌మిస్ట్రెస్ నా పక్కనే ఉంది, మా టీచర్లు ఉన్నారు. గోడ మీద రవిక లేకుండా కూర్చున్న ఆ మనిషి నన్ను పెంచిన తల్లి అని వాళ్ళ ముందు చెప్పడానికి నాకు సిగ్గేసింది. పెద్దమ్మ మర్యాద కోసమే ఊరకున్నానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. నేను ఇంకా ఆలోచిస్తుండగానే గుంపు పక్క బొమ్మకు, ఎముకల ఆవుకు, కదిలిపోయింది.

మేము బయటికి వచ్చి షామియానా నీడన నిలబడ్డాం. కాసేపటికి సారు వచ్చాడు. వస్తాడని నేను అనుకోలేదు, పారిపోతాడనుకున్నాను. ముఖం కందిపోయి ఉంది. "అమ్మా, అది మీరు కాదు. అది కరువు" అన్నాడు.

"కరువుకు నా పుట్టుమచ్చ ఏంటికప్పా?" అంది పెద్దమ్మ. గొంతు పెంచలేదు. ధర అడిగినట్టు అడిగింది.

పెద్దనాయన, "నేనెప్పుడు సచ్చిపోతినో నాగ్గూడ తెలీదు సారూ. నా పెండ్లాం మెడలో తాడు తీసేసినావు. నాకొక మాట చెప్పింటే బాగుండు" అన్నాడు. ఆయన మామూలుగా నవ్వించడానికే అన్నాడు. తుండుగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు, చెమటకే అన్నట్టు.

పెద్దమ్మ ఆయన్ను ఆపి, సారుతో అంది: "కరువు నేను సూడలేదనా సారూ? పుట్టినప్పట్నుంచి సూస్తానే ఉండా. నువ్వు వచ్చిన మూడు ఆదివారాలు కరువే. ఆ కరువులోనే గదా నేను చీర కట్టుకోని కూచునింది. అది గీస్తే కరువు గాదా? సినిగిన చీరే కావల్లంటే అడగొచ్చు గదా, అదీ ఉండాది ఇంట్లో. కట్టుకోని కూచుంటాంటి. అడిగి గీసింటే నాకు బాధ లేదు."

"మొదట చీరతోనే వేసినానమ్మా" అన్నాడు సారు. "బొమ్మలు ఎంపిక చేసేవాళ్ళు వచ్చి చూసినారు. ఇందులో కరువు యాడుంది, ఇది పెళ్ళి బొమ్మ మాదిరుంది, మార్చకపోతే పెట్టం అన్నారు. పదిహేనేండ్లకు ఒకసారి పిలిచినారమ్మా నన్ను." ఆయన్ను చూస్తే కోపం కూడా అలిసిపోయేలా ఉంది. పెద్దమ్మ చంకలోని డబ్బా తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఓళిగలు. నీకని తెచ్చినా. ఈ ఎండకు పొద్దుగూకే దాకా ఉండవు, ఇప్పుడే తిను" అంది. డబ్బా మళ్ళీ తనకు పంపించమని కూడా చెప్పింది. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడిన తీరు నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. లోపలి నుంచి ఎవరో ఆయన్ను ఫోటోకు పిలిచారు. డబ్బా ఎక్కడ పెట్టాలో తెలియక, దాంతోనే పోయాడు.

బస్టాండు దగ్గర హోటల్లో దోసెలు తిన్నాం. పెద్దమ్మ దోసె మాడిందని అంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, బయటికి చూస్తూ, కొంగు చివర ఉన్న ముడతలను చేత్తో చదును చేస్తూ ఉంది. అవి పోయేవి కావు. ఊళ్ళో బస్సు దిగేసరికి నలుగురు ఎదురు చూస్తున్నారు. ట్యాంకరు ఆ రోజు రాలేదట, బిందెలు వరుసలో పెట్టుకుని అక్కడే కూర్చుని ఉన్నారు. "ఏమక్కా, బొమ్మ ఎట్లుండాది? అందురూ గుర్తు పట్నారా?" అని అడిగారు. నేను పెద్దనాయన వైపు చూశాను, ఆయన చెప్పుల వైపు చూసుకున్నాడు. పెద్దమ్మ నిటారుగా నిలబడి, "శానా బాగ గీసినాడు. పెద్ద పెద్దోళ్ళు వచ్చి సూసినారు. జనం ఎక్కువ, నాకే సరిగ్గా కనపల్లేదు" అంది. ఇంటికి పోయి ముఖం కడుక్కుంది. ఆ చెంబు నీళ్ళతోనే. బొట్టు పెట్టుకుని దీపం వెలిగించాక, పట్టుచీర మడిచి పెట్టెలో పెట్టింది. "ఊర్లో ఎవురికీ చెప్పొద్దు పాపా. ఆయప్ప గురించి తప్పు మాట్లాడతారు. మళ్ళీ వస్తాడేమో మన ఊరికి" అంది.

సారు మళ్ళీ రాలేదు. మరుసటి సోమవారం డబ్బా కడిగి, తుడిచి, నా టేబులు మీద పెట్టాడు. మేమిద్దరం ఒకే స్టాఫ్ రూములో ఇంకో సంవత్సరం పనిచేశాం. సెలవుల గురించి, పరీక్షల గురించి మాట్లాడుకున్నాం. ఆయన అప్పుడప్పుడు ఏదో చెప్పబోయి, సుద్దముక్క కోసం వచ్చినట్టు సుద్దముక్క తీసుకుని పోయేవాడు. తరువాత మడకశిర వైపు బదిలీ అయింది. ఆ బొమ్మను ఏదో ఆఫీసు వాళ్ళు తీసుకున్నారని మాత్రం విన్నాను. ఏ ఆఫీసో నేను అడగలేదు. అడిగితే పోయి చూడవలసి వస్తుంది.

వానలు అన్నాక ఎప్పుడో ఒకప్పుడు వస్తాయి. ఐదారేళ్ళు గడిచాక ఒక వేసవి చివర మంచి పదును వాన పడింది. విత్తనం పనికి సాయంగా నేను ఊరికి పోయాను. అరుగు మీద నేనూ పెద్దమ్మా ఎదురెదురుగా కూర్చుని విత్తనపు చెనక్కాయలు ఒలుస్తున్నాం. ఆమె చేతులు అప్పటికే కొంచెం వణుకుతున్నాయి. అయినా నాకంటే వేగం. లోపల పెద్దనాయన రేడియో సరిచేసుకుంటున్నాడు. మట్టి వాసన వస్తోంది. ఆ వాసన మనిషి చేత ఏమైనా చెప్పిస్తుంది. నేను ఇన్నేళ్ళుగా దాచుకున్నది ఎత్తాను. ఆ సారును మన ఇంటికి తెచ్చి తప్పు చేశానని, నా వల్లే నీకు అంత అవమానం జరిగిందని, ఏడుపు ఆపుకుంటూ చెప్పాను.

ఆమె చేయి ఆపలేదు. "నువ్వేమన్నా గీసినావా దాన్ని? ఆ సారు మింద గూడ నాకేం లేదు. ఆయప్ప కడుపుకూటికి ఆయప్ప గీసుకున్నాడు" అంది. తొక్కలు చేటలో ఒక పక్కకు నెట్టింది. నాకు గుండె తేలికపడబోయింది. ఈమెకు మనసులో ఏమీ లేదు, నేనే ఇన్నాళ్ళు మోసుకుంటూ తిరిగాననుకున్నాను. ఇంకో పిడికెడు కాయలు తీసుకుని, వాటి వైపే చూస్తూ, ఆమె మళ్ళీ అంది: "ఆ పెద్దాయన అడిగినాడు గదా, ఎవురీమె అని. సారు చెప్పడని నాకు అప్పుడే తెలుసు. నీ తట్టు సూసినా. నువ్వు చెప్తావనుకున్యా."

నేను ఏమీ అనలేదు. మళ్ళీ. ఆమె నా జవాబు కోసం చూడలేదు కూడా. పుచ్చులు వేరుగా ఏరమని, విత్తనంలో కలిస్తే మొలకలు రావని చెప్పింది. ఏరాను. సాయంత్రం ఆమె ముఖం కడుక్కుని దీపం పెట్టింది. రాత్రికి ఉడకబెట్టిన కాయలు తిన్నాం. పొద్దున నన్ను బస్సు ఎక్కించడానికి ఎప్పటిలాగే రోడ్డు దాకా వచ్చింది, ఎప్పటిలాగే నా జడ చివర సరిచేసింది. ఆ తరువాత ఆమె ఇంకా కొన్నేళ్ళు ఉంది. మేము ఎన్నో మాట్లాడుకున్నాం, నవ్వుకున్నాం కూడా. ఆ మాట మాత్రం ఇద్దరిలో ఎవరూ మళ్ళీ ఎత్తలేదు.

ఆమె పోయి ఇప్పటికి పదేళ్ళు దాటింది. పెద్దనాయన ఆమె వెనకాలే పోయాడు. ఇద్దరి కర్మలకూ నేనే ముందుండి అన్నీ జరిపించాను. వచ్చినవాళ్ళందరికీ, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ, ఈమె మా పెద్దమ్మ, నన్ను పెంచిన తల్లి అని చెప్పాను. గొంతు ఎక్కడా తడబడలేదు. చెప్పవలసిన సమయంలో నోట్లో నిలిచిపోయిన మాట, ఆ తరువాత ఎంత చక్కగా పలుకుతుందో. దానికి కావలసింది ఒక్క క్షణం. ఆ ఒక్క క్షణం మళ్ళీ రాలేదు. మిగతా కాలమంతా అడక్కపోయినా వస్తూనే ఉంది.